పార్స్నిప్ వేశాను: విత్తనం నుంచి దుంప దాకా

ఇంగ్లండులోని లీడ్స్‌లో మా పెరట్లో 2025 మార్చి 30న, ఉగాది నాడు, పార్స్నిప్ విత్తాను. ఆఖరి దుంప 2026 ఫిబ్రవరి 7న తవ్వాను. ఏ రోజు ఏం చేశానో, ఎన్ని మొలిచాయో వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నాను. ఇక్కడ చెప్పే తేదీలు, లెక్కలు అందులోవే.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క. పార్స్నిప్ తెల్ల క్యారెట్టులా ఉంటుంది కానీ ముల్లంగి కాదు. ఘాటు లేదు, తీపి. కొత్తిమీర, వాము, సోంపు ఉన్న కుటుంబమే దీనిదీ.

2024లో ఒకసారి వేసి చేతులు కాల్చుకున్నాను. ప్యాకెట్టు మీద 'ఫిబ్రవరి నుంచి' అని ఉంది కదా అని ఫిబ్రవరి నెలాఖరులోనే వేశాను. విత్తనం కూడా రెండేళ్ల కిందటిది. 60 గింజలకు 4 మొలిచాయి. మెంతులు, బీన్స్ గింజలు నాలుగేళ్లు డబ్బాలో పడి ఉన్నా మొలుస్తాయి, ఆ ధైర్యంతో ఇదీ మొలుస్తుందనుకున్నాను. పార్స్నిప్ విత్తనం ఏడాది దాటితే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. ఏటా కొత్త ప్యాకెట్టు కొనాలి, మిగిలింది పారేయాలి. ఈసారి నమ్మకం కుదరక, మిగిలిపోయిన ఆ పాత ప్యాకెట్టులోంచి 20 గింజలు తడి కాగితం మీద వేసి మూడు వారాలు చూశాను. ఒక్కటంటే ఒక్కటీ పగల్లేదు.

రెండో పొరపాటు చల్లటి నేల. నేల వేడి 7 డిగ్రీలు దాటకపోతే గింజ నెలకు పైగా తడిలోనే పడుకుంటుంది. ఈలోపు బూజో, నత్తలో దాని పని పడతాయి. మార్చి ఆఖరు, ఏప్రిల్‌లో వేసినవాళ్లు ఫిబ్రవరిలో వేసినవాళ్లను ఇట్టే అందుకుంటారు. పైగా ముందుగా వేసిన దుంపలకే క్యాంకర్ తెగులు ఎక్కువ పడుతుంది. దాని సంగతి తర్వాత.

మడి

అక్టోబరు 2024లో తవ్వాను. 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. అంతకుముందు అందులో బంగాళాదుంప ఉండేది. దానికి వేసిన పశువుల ఎరువు అప్పటికి మాగిపోయింది, కొత్తగా ఏమీ వేయలేదు. పచ్చి ఎరువు తగిలిందంటే పార్స్నిప్ వేరు నిటారుగా దిగడం మానేసి నాలుగు వైపులా కాళ్లు చాస్తుంది.

మాది బంకమన్ను. పైన ఒక పార లోతు బాగానే ఉంది. దాని కింద ఇల్లు కట్టినవాళ్లు పూడ్చేసి పోయిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. మూడు బకెట్లు ఏరాను. ఈ ఊళ్లో కొత్త ఇళ్ల పెరళ్లన్నీ దాదాపు ఇంతే, కాబట్టి పైన పచ్చగడ్డి చూసి మోసపోకండి. పెళ్లలుగా తవ్విన మట్టిని పగలగొట్టకుండా అలాగే వదిలేశాను. చలికాలమంతా మట్టిలో తేమ గడ్డకట్టి కరిగి, గడ్డకట్టి కరిగి, మార్చికల్లా పెళ్లలు చేత్తో నలిపితే పొడయ్యేలా తయారయ్యాయి. ఆ పని మనం పారతో చేస్తే చేతులు పడిపోతాయి, మట్టి మాత్రం అంత మెత్తబడదు.

ఫిబ్రవరిలో కిట్‌తో చూస్తే నేల పులుపును చూపించే పీహెచ్ 6 దగ్గర ఉంది. 6.5 నుంచి 7 మధ్య ఉంటే మంచిదని తోట సున్నం సుమారు 700 గ్రాములు మడంతా చల్లి పైపైన కలిపాను.

మూడు సాళ్లు, సాలుకీ సాలుకీ 30 సెం.మీ. ఒక్కో సాలులో 15 సెం.మీ.కు ఒకటి చొప్పున 18 చోట్లు. మొత్తం 54. మూడు సాళ్లకూ మూడు పద్ధతులు పెట్టుకున్నాను. మొదటి సాలులో ఎండు గింజ నేరుగా. రెండో సాలులో ముందే మొలకెత్తించిన గింజ. మూడో సాలులో గునపంతో గుంతలు చేసి, వాటిలో ఇసుక నింపి, పైన మొలకెత్తిన గింజ. రకాలు రెండు: గ్లాడియేటర్ అనే ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాల్ని కలిపి పుట్టించినది), టెండర్ అండ్ ట్రూ అనే పాత రకం. ప్రతి సాలులోనూ సగం అదీ, సగం ఇదీ.

గునపం పని చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడే ఒక తప్పు చేశాను. మార్చి 16న గునపాన్ని 45 సెం.మీ. లోతు దించి, గుండ్రంగా తిప్పి, పైన 10 సెం.మీ. వెడల్పుండేలా కారెట్టు ఆకారంలో గుంతలు చేశాను. ఒక్కో గుంతకి లీటరుంబావు మిశ్రమం పట్టింది. రెండు వంతుల ఇసుక, ఒక వంతు జల్లించిన కంపోస్టు. 18 గుంతలకీ 25 కిలోల ఇసుక సంచి ఒకటి సరిపోయింది. ఇసుక అంటే ఇక్కడ షార్ప్ శాండ్ అని అమ్మే గరుకుది. గోడల ప్లాస్టరింగుకు వాడే మెత్తటి ఇసుక తడిసి ఆరితే బిగుసుకుపోతుంది. నింపాక నీళ్లు పోస్తే మిశ్రమం మూడు వేళ్ల మందం కిందికి దిగింది. మళ్లీ పైన నింపాను.

ఇక తప్పు. పైన మన్ను ఆరి ఉంది కదా అని దిగాను, అడుగున ఇంకా తడే ఉంది. తడి బంకమన్నులో గునపం తిప్పితే గుంత గోడ కుండ లోపలి నున్నదనంలా తయారవుతుంది. దాన్ని వేరు చీల్చుకుని పోలేదు, నీళ్లు ఇంకవు. దీని ఫలితం నాకు తెలిసింది ఎనిమిది నెలల తర్వాత. ఏ గుంతలోనైనా వేలు పెట్టి గీకితే గోడ రాలాలి. రాలకపోతే ఇంకో వారం ఆగండి.

మొలక

మార్చి 15న రెండు రకాలూ 30 చొప్పున 60 గింజలు తీసి, టేకవే ప్లాస్టిక్ డబ్బాలో తడి కిచెన్ పేపరు మీద పరిచాను. మూత వదులుగా పెట్టి హాల్లో ఉంచాను, 18-20 డిగ్రీలు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఉన్న అల్మరాలో పెడితే తొందరగా వస్తాయనిపిస్తుంది గానీ వేడి ఎక్కువై బూజు పడుతుంది. రోజూ మూత తీసి గాలి తగలనిచ్చాను.

గింజలు చూడటానికి పొట్టులా ఉంటాయి. గోధుమరంగు, చుట్టూ రెక్క, చదునుగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. మొదటి వారం ఏ మార్పూ లేదు. ఎనిమిదో రోజు, మార్చి 23న, మూడింటికి అంచు దగ్గర సూదిమొనంత తెల్లటి వేరు కనిపించింది. పన్నెండో రోజుకు 38. పదిహేనో రోజుకు 47, అందులో గ్లాడియేటర్ 26, టెండర్ అండ్ ట్రూ 21.

కిచెన్ పేపరు వాడటం మాత్రం తెలివితక్కువ పని. వేరు రెండు మిల్లీమీటర్లు రాగానే కాగితం పీచులోకి దూరిపోయింది. పట్టకారుతో లాగితే వేరు కొస తెగిపోతుంది. తెగిన వేరు చీలి రెండు కాళ్లవుతుంది. చేసేది లేక కత్తెరతో కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, గింజ అంటుకున్న ముక్కతోనే నాటాను. కాగితం మట్టిలో ఎలాగూ కుళ్లిపోతుంది. ఇంకోసారైతే కాఫీ ఫిల్టరు వాడతాను, దాని నేత బిగువు. వేరు అర సెంటీమీటరు దాటకముందే నేలలోకి చేరాలి. ఆ గడువు రెండు మూడు రోజులే. శనివారం దాకా ఆగుదామంటే కుదరదు.

మార్చి 30 ఉదయం పది సెంటీమీటర్ల లోతున నేల 8 డిగ్రీలు. గాలి లేని రోజు చూసుకోవాలి, లేకపోతే మీ విత్తనం పక్కింటి లాన్‌లో మొలుస్తుంది. సాలులో ముందే నీళ్లు పోసి, ఇంకాక, మొదటి సాలులో చోటుకు మూడు ఎండు గింజలు ఒకటిన్నర సెం.మీ. లోతున. మిగతా రెండు సాళ్లలో మొలకెత్తినవి చోటుకు ఒకటి, మిగిలిన పదకొండూ పదకొండు చోట్ల రెండోదిగా, ఒక సెంటీమీటరు లోతున. పైన కప్పింది మా మట్టి కాదు, పొడి కంపోస్టు. బంకమన్ను ఒక వాన పడి ఎండిందంటే పైన పెంకు కడుతుంది. ఈ మొలకకు దాన్ని పొడుచుకొచ్చే బలం లేదు. సాళ్ల మధ్య ఇరవై ముల్లంగి గింజలు వేశాను. అవి ఆరో రోజుకే మొలిచి, సాలు ఎక్కడుందో చూపించాయి. లేకపోతే కలుపు తీసేటప్పుడు సాలునే గీకేస్తాం. మే మొదటి వారంలో ఆ ముల్లంగులు సాంబారులోకి వచ్చాయి.

ఆ తర్వాతి నెల రోజులంత కష్టమైనవి ఈ పంటలో మరి లేవు, చేయడానికి పనేమీ లేకపోయినా. 2025 వసంతకాలం ఇంగ్లండులో వందేళ్లలోకెల్లా పొడిగా గడిచింది. వాన లేదు. గింజ ఒక్కసారి తడిసి మళ్లీ ఎండిందంటే చచ్చినట్టే. రెండు రోజులకోసారి సన్న చిల్లుల క్యాన్‌తో తడిపాను. మొదటి సాలు మీద తడి గోనెపట్టా కప్పి, పన్నెండో రోజు నుంచి పొద్దున్నే ఎత్తి చూసేవాణ్ణి. కింద మొలక వచ్చాక పట్టా ఒక్క పూట ఎక్కువ ఉంచినా అది పాలిపోయి పడిపోతుంది.

మొలకెత్తించినవి ఏప్రిల్ 9 నుంచి 14 మధ్య పైకొచ్చాయి. మొదట రెండు సన్నటి పొడుగు ఆకులు, గడ్డిపోచలకు చెల్లెళ్లలా. చాలామంది ఇక్కడే కలుపనుకుని పీకేస్తారు. ఇంకో పది రోజులకు వచ్చే మూడో ఆకు కొత్తిమీరలా రంపపు అంచుతో ఉంటుంది, అప్పుడు గుర్తుపట్టొచ్చు. ఎండు గింజల సాలులో మొదటిది ఏప్రిల్ 20న, అంటే 21వ రోజు. చివరిది మే 2న, 33వ రోజు. నాలుగో వారంలో ఆ సాలు పోయిందనుకుని తవ్వేయబోయాను. ఇంకో వారం ఆగితే ఏడు మొలకలు దొరికాయి. మీరూ ఆరు వారాల దాకా సాలు జోలికి పోవద్దు.

లెక్క: మొదటి సాలు 18కి 11, రెండోది 15, మూడోది 16. మొదటి సాలులో ఖాళీగా మిగిలిన ఏడు చోట్ల మే 3న మళ్లీ గింజ వేశాను. ఈసారి నేల వెచ్చబడింది, పదిహేడు రోజుల్లో ఐదు మొలిచాయి. అదే గింజ, అదే మట్టి, మార్చిలో 21 రోజులు పట్టింది.

మే 25 సాయంత్రం పలచన చేశాను. మొలకలు ఐదు సెం.మీ. ఎత్తున్నప్పుడు చోటుకు ఒక్కటి ఉంచి మిగతావి కత్తెరతో మొదలంటా కోసేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. నలిగిన ఆకు వాసనకు క్యారెట్ ఈగ వస్తుంది, అందుకే సాయంత్రం చేసి, కోసినవన్నీ అప్పుడే చెత్తలో వేశాను. ఇంతా తెలిసి కూడా, బాగున్న మొలకల్ని కోసేయడానికి మనసొప్పక మూడింటిని చెంచాతో మట్టితో సహా ఎత్తి రెండో సాలు ఖాళీల్లో నాటాను. బ్రహ్మాండంగా పెరిగాయి, ఆకు మిగతావాటికంటే పచ్చగా. నేల కింద ఏముందో నవంబరులో చూశాను.

ఎండాకాలం

క్యారెట్ ఈగ మే నడుమ నుంచి తిరుగుతుంది, మళ్లీ జులై-ఆగస్టులో. నేలకు దగ్గరగా ఎగిరి, మొక్క మొదట్లో గుడ్లు పెడుతుంది. పురుగు దుంపలోకి తొలుచుకుపోతుంది. మందు లేదు, అడ్డుకోవడమే. 25 మిల్లీమీటర్ల నీలం నీళ్ల పైపు ముక్కల్ని విల్లులా వంచి గుచ్చి, పైన సన్న వల కప్పి, అంచులు మట్టిలో పూడ్చాను. వేలెడు సందున్నా ఈగకు చాలు.

జులైలో కొన్ని ఆకుల మీద గోధుమరంగు బొబ్బల్లాంటి మచ్చలు. ఆకును వెలుగుకు పట్టి చూస్తే రెండు పొరల మధ్య పురుగు కదులుతూ కనిపించింది. దీన్ని సెలరీ ఈగ అంటారు. వల వేయకముందే లోపల గుడ్డు పెట్టి ఉంటుంది. బొటనవేలుతో అక్కడికక్కడే నలిపేస్తే సరి. దుంపకు హాని లేదు.

జులై 11న మా యార్క్‌షైర్ ప్రాంతంలో హోస్‌పైపు నిషేధం వచ్చింది. క్యాన్‌తో పోసుకోవచ్చు. పది రోజులకోసారి 10 లీటర్ల క్యాన్లు నాలుగు, సాయంత్రం, మొదళ్లలో. బియ్యం కడిగిన నీళ్లు కూడా అటే. రోజూ కాస్త కాస్త పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. అసలు పోయకుండా ఎండగట్టి, వాన పడగానే ఒక్కసారి తాగనిస్తే దుంప చీలుతుంది. ఆ చీలికలోంచే క్యాంకర్ దూరుతుంది.

ఇప్పుడు చెప్పేది ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. జులై 12, మంచి ఎండ. వల తీసి, పొట్టి చేతుల చొక్కాతో మధ్యాహ్నం గంటన్నర కలుపు తీశాను. ఆకులు ముంజేతులకు రాసుకున్నాయి, రెండు మూడు కాడలు విరిగాయి. ఆ రోజు ఏమీ లేదు, దురద కూడా లేదు. మర్నాడు సాయంత్రం ముంజేతుల మీద ఎర్రటి చారలు. మూడో రోజుకు నీటి బుగ్గలు, నూనె చిందినట్టు. పార్స్నిప్ ఆకు, కాడల రసంలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మానికి అంటుకున్నాక ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది. రసం ఒక్కటే అయితే ఏమీ కాదు, ఎండ కలిస్తేనే. బుగ్గలు పది రోజుల్లో మానాయి, గోధుమరంగు చారలు అక్టోబరు దాకా ఉన్నాయి. ఆ తర్వాత గ్లోవ్స్, పొడుగు చేతులు, పొద్దు వాలాకే పని. రసం అంటితే వెంటనే సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండ తగలకుండా కప్పుకోవాలి. పిల్లలు ఆ ఆకుల్లో బంతి వెతుక్కోకుండా చూసుకోండి. ఇక ఆకు కొత్తిమీరలా ఉంది కదా అని కూరలో వేసే ఆలోచన అసలే వద్దు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో రాయడానికి ఏమీ లేదు. ఆకు రెండడుగుల ఎత్తు పెరిగి నేలను కప్పేసింది, కలుపు కూడా లేదు. సెప్టెంబరు 20న దుంపల భుజాలు మట్టిపైకి కనిపిస్తుంటే చుట్టూ మట్టి ఎగదోశాను. క్యాంకర్ మొదలయ్యేది ఆ భుజాల దగ్గరే.

తవ్వకం

అక్టోబరు 26న ఆగలేక ఒకటి తవ్వాను. 24 సెం.మీ. పొడవు, చూడముచ్చటగా ఉంది. ఉడకబెట్టి తింటే ఉప్పు లేని బంగాళాదుంప. ఏడు నెలలు కాసుకున్నది దీనికోసమా అనిపించింది.

నవంబరు మూడో వారంలో చలి బిగిసింది, నాలుగైదు రాత్రులు సున్నాకు దిగువ. తెల్లారి మడి మీద ఆకులన్నీ బెల్లం పాకం రంగుకు మారి నేలకు అతుక్కున్నాయి. 23న, అదే సాలులో పక్క దుంప తవ్వాను. అదే పరిమాణం, అదే ఉడకబెట్టడం. ఈసారి తీపి, వెనక సన్నగా జాజికాయ లాంటి వాసన. చలికి దుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. గడ్డకట్టకుండా తనను కాపాడుకోవడానికి మొక్క చేసుకునే ఏర్పాటది. నెల తేడాతో రెండు దుంపలు తిన్నాక ఇక తొందరపడటం మానేశాను. ఆకు పూర్తిగా మాయమైపోతుంది కాబట్టి ప్రతి సాలుకూ రెండు చివర్లా కర్రలు గుచ్చండి. మంచు పడ్డాక సాలు ఎక్కడుందో మీకే తెలీదు.

తవ్వడానికి పార వద్దు, నాలుగు పళ్ల ఫోర్కు కావాలి. దుంపకు జానెడు దూరంలో పూర్తి లోతు దించి, వెనక్కి వంచి, రెండు వైపుల నుంచీ వదులు చేశాక ఎత్తాలి. ఆకు పట్టి లాగితే కాడలు చేతికొస్తాయి, దుంప అక్కడే ఉంటుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా లోపల ఎక్కడో కొస తెగిన 'టప్' వినిపిస్తుంది. దాని గురించి బాధపడక్కర్లేదు, అది పీచే.

మొదటి సాలు 16: నిటారుగా 7. రెండో సాలులో స్వంత చోట ఉన్నవి 15: నిటారుగా 8. వంకరలన్నింటి దగ్గరా అడుగున ఇటుక ముక్కో, గట్టి పొరో దొరికింది. ఇటుక ముక్కను దుంప రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని పైకి తెచ్చిన సందర్భం కూడా ఉంది. నాటు మార్చిన మూడూ కచ్చితంగా ఆక్టోపస్సులు: పైన ఒక గుప్పెడు ముద్ద, కింద చిటికెనవేలు మందాన ఆరేడు కాళ్లు, వాటి మధ్య మట్టి. ఒకదాన్ని కడిగి చెక్కు తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, కూరకు వచ్చింది నాలుగు ముక్కలు.

ఇసుక గుంతల సాలు 16: 13 నిటారు, అన్నిటికంటే పొడుగుది 41 సెం.మీ., 380 గ్రాములు. రెండు మాత్రం సరిగ్గా 40 సెం.మీ. దగ్గర ఎల్ ఆకారంలో పక్కకు తిరిగాయి, గునపం నున్నగా చేసిన అడుగు తగిలినచోట. ఒకటి కుళ్లిపోయింది. ఆ గుంతలో చెయ్యి పెడితే అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, కుండలో ఉన్నట్టే.

క్యాంకర్ 6 దుంపలకు: భుజం మీద నారింజ-గోధుమ రంగు గరుకు మచ్చ. అందులో ఐదు టెండర్ అండ్ ట్రూ, ఒకటి గ్లాడియేటర్. నాలుగింటికి చెక్కేస్తే సరిపోయింది, రెండు పారేశాను. రుచిలో మాత్రం పాతదే మేలు. మళ్లీ వేస్తే రెండూ వేస్తాను.

జనవరి మొదట్లో నేల రాయిలా గడ్డకట్టి ఫోర్కు దిగలేదు. ఇది ముందే ఊహించి డిసెంబరు ఆఖర్లో ఎనిమిది తవ్వి, గ్యారేజీలో పెట్టెలో తడి ఇసుక పొరల మధ్య పెట్టాను. కడగకూడదు, ఆకు మొదలంటా తిప్పి తుంచేయాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి వారంలో రబ్బరులా వడలితే ఇసుకలోవి నెల దాటినా విరిస్తే ఫెళ్లుమన్నాయి. నేలలో ఉన్నవాటి మీద అట్టపెట్టెలు పరిచి, పైన గడ్డి వేస్తే అక్కడ మాత్రం నేల మెత్తగా ఉంది.

వంట గురించి రెండు మాటలు. పెద్ద దుంపల్లో మధ్య కాడ పీచుగా ఉంటుంది, నిలువునా నాలుగు చేసి దాన్ని తీసేయాలి. ఇక్కడివాళ్లలా ఓవెన్‌లో కాల్చుకుంటే 5 నిమిషాలు ఉడికించి, నూనె పట్టించి, 200 డిగ్రీల్లో 35-40 నిమిషాలు. వేపుడు చేసేటప్పుడు మంట తగ్గించండి, చక్కెర ఎక్కువ కాబట్టి బంగాళాదుంప అనుకుని వదిలేస్తే మాడుతుంది. నాకు అన్నిటికంటే కుదిరింది సంక్రాంతికి పెట్టిన ముక్కల పులుసులో, చిలగడదుంప బదులు. చింతపండుకు ఆ తీపి సరిగ్గా జోడీ. ముందే వేస్తే కరిగిపోతుంది. గుమ్మడి ముక్క సగం ఉడికాక వేయాలి, బెల్లం తగ్గించాలి.

ఖర్చు: విత్తనాలు రెండు ప్యాకెట్లు 5.80 పౌండ్లు, ఇసుక 5, కంపోస్టు 6.50, వల 15, పైపు 8, సున్నం 4. మొత్తం 44.30. గునపం అరువు. వల, పైపు ఇంకో నాలుగైదేళ్లు వస్తాయి. పనికొచ్చిన దుంపలు 9 కిలోల 600 గ్రాములు. కొట్లో అంత బరువుకు పదిహేను పౌండ్లు కూడా పెట్టక్కర్లేదు. క్రిస్మస్ వారంలోనైతే సూపర్‌మార్కెట్లు పోటీపడి సంచి పెన్నీలకే ఇస్తాయి. ఆ వారం నేను అటు పోలేదు.

హైదరాబాదులో మేడ మీద కుండీల్లో వేస్తే వస్తుందా అని ఇంటి నుంచి అడిగారు. ఏడెనిమిది నెలలు చల్లటి నేల, ఆఖర్లో గడ్డకట్టే రాత్రులు కావాలి. విత్తనాలు పంపినా ఏడాదిలో చచ్చిపోతాయి. ముల్లంగి వేసుకోమన్నాను.

ఫిబ్రవరి దాటితే దుంప మళ్లీ చిగురు వేసి లోపల కట్టెలా మారుతుంది కాబట్టి 7న మిగతావన్నీ తవ్వేశాను. ఇసుక గుంతల్లో వచ్చిన టెండర్ అండ్ ట్రూ దుంపల్లో మచ్చలేని రెండింటిని మాత్రం తినకుండా పక్కన పెట్టి, మడి మూలన భుజం మట్టికి సమంగా ఉండేలా మళ్లీ పాతాను. అవి ఈ వేసవిలో మనిషి ఎత్తు పెరిగి పసుపు పూలు పూసి విత్తనం ఇస్తాయి. గ్లాడియేటర్ హైబ్రిడ్ కాబట్టి దాని విత్తనం ఉంచుకుని లాభం లేదు. ఈ ఉదయం చూస్తే రెండింట్లో ఒకదాని నడినెత్తిన గోరంత చిగురు. ఎండ వస్తే కాండం కూడా కాలుస్తుంది, అందుకని దాని పక్కన కర్రకు ఒక పాత గ్లోవ్ తొడిగి పెట్టాను.